సామానుతో పాటు వచ్చినవాళ్లు

తెనాలి,
ఫిబ్రవరి, మొదటి ఆదివారం

ప్రియమైన కనకం,

మన ఒప్పందం ప్రకారం ఫోను ఆపేసి దాదీకి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని ట్రంకు పెట్టెలో, చీరల అడుగున పెట్టి తాళం వేసింది. "పరీక్ష రాసినాకే ఇస్తా. మధ్యలో అడిగావంటే కాలవలో పారేస్తా" అంది. కాబట్టి డీఎస్సీ అయ్యేదాకా మన మాటలన్నీ ఉత్తరాల్లోనే. పోస్టాఫీసులో ఇన్‌ల్యాండ్ లెటర్లు అడిగితే కౌంటరులో ఆయన నన్ను ఎగాదిగా చూసి "ఎవరికమ్మా, తాతగారికా?" అన్నారు. బాపట్లలో నాతో బి.ఎడ్. చదివిన స్నేహితురాలికి అంటే నమ్మలేదు.

ఇక్కడి సంగతి చెబుతాను. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో అమ్మీ కుట్టుమిషను. వెనక గదిలో అబ్బా పరుపుల్లోకి దూది దట్టిస్తుంటారు. ఈ రెండిటి మధ్యా దాదీ టీవీ. టెట్ పరీక్షకి నేను వంటగదిలో గ్యాస్ బండ మీద పుస్తకం పెట్టుకుని చదివాను. ఆ సంగతి నా మార్కులు చూస్తేనే తెలుస్తుంది.

పెరట్లో రేకుల షెడ్డు ఉంది కదా, ఒకప్పుడు తాత దూదేకే మిషను ఉండేది. ఇప్పుడు చిరిగిన పరుపులు, వాటిలో ఎలుకలు. ఆ షెడ్డు నాకిమ్మని అబ్బాని అడిగాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు.

"ఇస్తానమ్మా. కానీ ఈ ఒక్క డీఎస్సీ దాకానే. ఉద్యోగం వచ్చిందా, సంతోషం. రాలేదా, షెడ్డులోకి దూది మూటలు, కొట్లోకి నువ్వు."

మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. బి.ఎడ్. చదివిన పిల్ల కొట్లో కూర్చున్నంత మాత్రాన పరుపులు మెత్తబడవు కదా. ఈసారి నాకు ఉద్యోగం రావాలి కనకం. అందుకు నాకు కావలసింది ఒక్కటే, నిశ్శబ్దంగా ఉండే గది.

కొత్తవేవీ కొనకూడదని నిర్ణయించుకున్నాను. ఊళ్లో పాత ఇళ్లు ఒక్కొక్కటే కూలుతున్నాయి, వాటిలోంచి ఏరుకుంటే చాలు. పక్క వీధిలో పెద్ద పెంకుటిల్లు పడగొడుతున్నారు, అపార్టుమెంటు కోసం. మట్టికుప్ప మీద టేకు ద్వారబంధం వెల్లకిలా పడి ఉంది. పైన చెక్కిన తామరపూలు, కింద అరిగి నున్నబడిన గడప. ఆ ఇంటి పెద్దావిడ హనుమాయమ్మగారు గొడుగు వేసుకుని అక్కడే నిలబడి ఉన్నారు. అడిగాను.

"ఏం చదువుతావమ్మా?"

"టీచరుద్యోగానికండి."

"తీసుకెళ్లు. గడప మాత్రం విడదియ్యకు."

నాకు ఎంత ఆనందమేసిందంటే, "ఇది మీదేననుకోండి మామ్మగారూ, ఎప్పుడైనా రండి" అన్నాను. మర్యాదకి అంటాం కదా.

నీ చదువు ఎలా సాగుతోందో రాయి.

నీ
ఫిర్దోస్

—

బాపట్ల,
ఫిబ్రవరి, రెండో వారం

ఫిర్దోసూ,

నీ ఉత్తరంలో చదువు గురించి ఒక్క ముక్క, ద్వారబంధం గురించి అర పేజీ ఉంది. నువ్వు రాసేది సోషల్ పరీక్షా, వడ్రంగం పరీక్షా?

నా సంగతి విను. మా బాబాయిగారింట్లో మేడ మీద గది నాకిచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికల్లా లేస్తున్నాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. సూర్యలంక వైపు నుంచి గాలి. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పెన్ను కింద పెడితే ఆ శబ్దం కూడా నాకు వినపడుతుంది. మనసు ఒక చోట నిలబడాలంటే ముందు చుట్టూ

వచ్చాను. తలుపు కొట్టుకుంటుంటే వేసి వచ్చాను. ఎక్కడున్నాం? ఆ, నిశ్శబ్దం. నిశ్శబ్దం మనమే సంపాదించుకోవాలి. ఎవరూ తెచ్చి ఇవ్వరు. గోడలకి సున్నం వేసి, కుర్చీ ఒకటి వేసుకుని కూర్చో. అలంకారాలు మానెయ్.

నా బయాలజీ సిలబస్ సగం పైన అయిపోయింది.

కనకమహాలక్ష్మి

—

తెనాలి,
మార్చి

ప్రియమైన కనకం,

నన్ను తిట్టు, కానీ గది ఎలా ఉందో ముందు విను.

ఎలుకల్ని, పరుపుల్ని సాగనంపి గోడలకి సున్నం కొట్టాను. సున్నంలో కాస్త నీలిమందు కలిపాను. రేకుల మీద తాటాకు పరిపించాను, ఎండ దిగకుండా. నేల మీద, కూల్చిన ఇళ్ల దగ్గర దొరికిన నాపరాళ్ల ముక్కలు అతుకులు అతుకులుగా పరిచాం. చూస్తే దాదీ బొంతలాగే ఉంటుంది. పరుపులకి వాడే చారల గుడ్డ మిగిలితే అమ్మీ తెర కుట్టింది. ద్వారబంధాన్ని అబ్బా, ఇంకో ఇద్దరు కలిసి పరుపుల రిక్షా మీద తెచ్చి నిలబెట్టారు.

కిటికీ ఎక్కడిదనుకున్నావు? తుక్కు కింద అమ్మేసిన బస్సుది! జరిపే అద్దాలతో సహా. దాని కింద 'చేతులు, తల బయట పెట్టరాదు' అని రాసి ఉంది. దాదీ చదివించుకుని విని, "మరి ఏం పెట్టాలంట?" అంది.

మూతబడిన ఓ చిన్న బడి నుంచి నల్లబల్ల దొరికింది. ఆ బడిలో పనిచేసి రిటైరైన జ్ఞానానందం మాస్టారు దగ్గరుండి ఇప్పించారు. కుర్చీ మాత్రం రాజ్ కుమార్ సెలూన్‌ది. అతను ఏసీ పెట్టి కొత్త కుర్చీలు వేశాడు, పాతది వీధిలో పెట్టాడు. తిరుగుతుంది, వెనక్కి వాలుతుంది, తల ఆనించుకోడానికి చిన్న దిండు కూడా ఉంది. అందులో కూర్చుని విద్యా మనోవిజ్ఞానం చదువుతుంటే ఎవరైనా వచ్చి మెడకి తువ్వాలు చుడతారేమో అనిపిస్తుంది. అందరికీ ఒకే మాట చెప్పాను: "మీదేననుకోండి, ఎప్పుడైనా రండి."

ఇక మొన్న శుక్రవారం. నేను కుర్చీ ఎక్కి పుస్తకం తెరిచాను. పెరటి గుమ్మంలో దాదీ గొంతు వినపడింది.

"ఎవరమ్మా?"

"నేనండి, గడప తాలూకు మనిషిని."

హనుమాయమ్మగారు! చేతిలో పసుపు గిన్నె, కుంకుమ భరిణె.

"అద్దె ఫ్లాటులో గడపేదమ్మా, పాలరాతి పట్టీ. దానికి పసుపు రాస్తే మా కోడలు ఫినాయిల్‌తో తుడిచేస్తుంది. కాపరానికొచ్చిన కాణ్ణుంచీ శుక్రవారం ఈ గడపకి రాయకుండా కాఫీ తాగలేదు నేను. కిందటి శుక్రవారం తాగాను. వాంతయింది."

ఆవిడ అక్కడే చతికిలబడి, గడపంతా పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందు చిన్న ముగ్గు కూడా వేశారు. సరిగ్గా అప్పుడే అబ్బా జుమ్మా నమాజు నుంచి టోపీతో వచ్చి, ముగ్గు ముందు ఆగిపోయారు.

"ఏంటిది?"

"గడప ఆవిడది, గది మనది. దాటి రా. తొక్కకు" అంది దాదీ.

అబ్బా చెప్పులు చేత్తో పట్టుకుని, పెద్ద కాలవ దాటుతున్నట్టు దాటారు. ఆ తర్వాత దాదీ, హనుమాయమ్మగారు పసుపు మంచిదా కాదా అన్నదాని మీద మాట్లాడుకుంటూ కూర్చున్నారు. సాయంత్రం దాకా.

పోనీలే, వారానికి ఒక్కరోజే కదా.

నీ
ఫిర్దోస్

—

బాపట్ల,
మార్చి

ఫిర్దోసూ,

వారానికి ఒక్కరోజు కాదు. నాకు తెలుసు. రేపు శనివారం కూడా వస్తారు, శుక్రవారం పసుపు ఆరిందో లేదో చూడ్డానికి.

నీకు 'కాదు' అనడం రాదు. బి.ఎడ్.లో క్యాంటీన్ అబ్బాయి నీకు అడగని వడలు వేస్తే కూడా తినేదానివి. నేను చెప్పినట్టు అద్దం ముందు నిలబడి అను: "మామ్మగారూ, నేను చదువుకోవాలండి. మీరు వెళ్లండి." రెండు వాక్యాలు. అంతే. నేనైతే ఇంట్లో ఎవరు ఏ పని చెప్పినా నిర్మొహమాటంగా కుదరదనేస్తాను.

ఇక్కడ అంతా ప్రశాంతం. ఈ ఉత్తరం మీద పడ్డ మరక గురించి పట్టించుకోకు.

కనకం

—

తెనాలి,
మార్చి చివర

కనకం,

అద్దం ముందు పదిసార్లు అన్నాను. బాగా వచ్చింది. గడప దగ్గర అన్నాను.

"మామ్మగారూ, నేను చదువుకోవాలండి."

"చదువుకో అమ్మా! మేమేమన్నా వద్దన్నామా? మా మాటలు మేం మాట్లాడుకుంటాం, నీ చదువు నువ్వు చదువుకో."

రెండో వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది.

నువ్వన్నది నిజమే. ఆవిడ ఇప్పుడు రోజూ వస్తున్నారు. ఆవిడొక్కరే అయితే సరిపెట్టుకునేదాన్ని. జ్ఞానానందం మాస్టారు కూడా వస్తున్నారు. నల్లబల్ల మీద తేదీ వెయ్యకపోతే ఆయనకి రోజు మొదలైనట్టు ఉండదట. పైన కుడివైపు తేదీ, ఎడమవైపు హాజరు వేస్తారు. మొదటిరోజు 'మొత్తం 1, హాజరు 1' అని రాసి, నా వంక చూసి ఎంతో తృప్తిగా వెళ్లిపోయారు. మర్నాడు ఉండిపోయారు.

తర్వాత మొయినుద్దీన్ తాత. అబ్బాకి దూరపు చుట్టం, దాదీకి అన్నయ్య వరస. ఆయన గడ్డం ఎప్పుడూ రాజ్ కుమారే సరిచేస్తాడు. కొత్త కుర్చీలో తల ఆనటం లేదని, ఏసీకి చెవిలో గాలి దూరుతోందని, పాత కుర్చీ ఎక్కడుందో కనుక్కుని మరీ వచ్చారు. వెనకే రాజ్ కుమార్, కత్తెర్ల డబ్బాతో.

"ఒక్క పది నిమిషాలు లేమ్మా. తాతగారు నా మాట వినట్లేదు" అన్నాడు.

లేచాను. నిలబడి పియాజే సిద్ధాంతం చదువుతున్నాను. రాజ్ కుమార్ నా పుస్తకంలోకి తొంగి చూసి, "పియాజే అంటే మీ ఉర్దూలో ఉల్లిపాయలా?" అని తాతని అడిగాడు. తాత నవ్వితే గడ్డం ఒక పక్క ఎక్కువ తెగింది. దాని మీద గొడవ. దాదీ తీర్పు చెప్పడానికి వచ్చింది. హనుమాయమ్మగారు రెండో పక్క కూడా తెగ్గొయ్యమని సలహా ఇచ్చారు. ఆ రోజు మాస్టారు తనని కూడా కలుపుకుని బల్ల మీద ఇలా రాశారు:

మొత్తం 6. హాజరు 6. చదువుతున్నవారు 0.

బస్సు కండక్టర్ ఇంకా రాలేదు. దేవుడి దయ.

రంజాన్‌లో సాయంత్రాలు హనుమాయమ్మగారే దాదీతో కూర్చుని పళ్లు కోసి పెట్టారు. దాదీ మొహం ఈ మధ్య ఎంత కళగా ఉందో! అందుకే ఎవరినీ ఏమీ అనలేకపోతున్నాను.

ఇంకో మాట. నీ కిందటి ఉత్తరం మీద తపాలా ముద్ర రేపల్లెది. ఎందుకు?

నీ
ఫిర్దోస్

—

బాపట్ల,
ఏప్రిల్

ఫిర్దోస్,

ఊళ్లో ఎండలకి పోస్టాఫీసు వాళ్లకి ముద్రలు మారిపోయి ఉంటాయి. లేకపోతే బాబాయి పని మీద రేపల్లె వెళ్తూ అక్కడ వేసి ఉంటారు. నువ్వు ముద్రలు చూడకు, సిలబస్ చూడు.

క్లుప్తంగా రాస్తున్నాను. చదువు ఒత్తిడి.

క.

—

హనుమాయమ్మగారి ఫ్లాటు, మూడో అంతస్తు,
తెనాలి,
ఏప్రిల్

ప్రియమైన కనకం,

పై చిరునామా చూసి కంగారుపడకు. అన్నీ వరసగా చెబుతాను.

కోచింగ్ సెంటర్‌లో మాక్ టెస్టు పెట్టారు. సగం మార్కులు కూడా రాలేదు. ఆ పేపరు మాస్టారి చేతిలో పడింది. ఆయన ఎర్ర సిరాతో మళ్లీ దిద్ది, ఇంకో రెండు తగ్గించారు. సరిగ్గా అప్పుడే అబ్బా వచ్చారు. కుర్చీలో తాత, ఆయన వెనక రాజ్ కుమార్, గడప మీద మామ్మగారు, బస్సు కిటికీ దగ్గర దాదీ, బల్ల దగ్గర మాస్టారు. గోడకి ఆనుకుని నేను.

"అమ్మా ఫిర్దోస్, మనం ఒక మాటనుకున్నాం. ఇది చదువులా లేదు. నాకు దూది పెట్టుకోడానికి చోటు లేదు. రేపట్నుంచి మూటలు ఇందులో వేస్తాను. నువ్వు కొట్టుకి రా" అన్నారు. కోపంగా కాదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

నేనేం చేశానో తెలుసా? అరిచాను. నా జీవితంలో మొదటిసారి.

"అందరూ వెళ్లిపోండి!"

గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నేను రెండు నెలలుగా కోరుకున్న నిశ్శబ్దం. అందులో నా ఏడుపు తప్ప ఇంకేమీ వినపడలేదు. కత్తెర గాల్లో పట్టుకుని రాజ్ కుమార్ కూడా అలాగే నిలబడిపోయాడు. తాత నురగ మొహంతోనే లేవబోయారు.

అప్పుడు హనుమాయమ్మగారు మెల్లగా అడిగారు. "అమ్మాయ్, నీకు కావల్సింది ఏంటి? సరిగ్గా చెప్పు."

"ఎవరూ లేని గదండి. ఎవరూ మాట్లాడని గది."

"అంతేనా?"

ఆవిడ నడుముకి దోపుకున్న తాళంచెవి తీశారు.

"మా ఫ్లాటు అదే. మా శ్రీనివాసూ, కోడలూ పొద్దున్నే గుంటూరు రైలెక్కితే రాత్రికే వచ్చేది. గోడ మీద బల్లి అరిచినా నాకే వినపడుతుంది. అది భరించలేకేనమ్మా నేనిక్కడికొచ్చి పడేది. నువ్వు పోయి అక్కడ చదువుకో. నాకక్కర్లేంది అది, పట్టుకుపో."

నా చేతిలో తాళంచెవి పెట్టేశారు. ద్వారబంధం ఇచ్చినట్టే ఇచ్చారు.

"అడగాలి కదండి, మీ అబ్బాయిగారిని" అన్నారు అబ్బా.

"వాడికి చెప్తాను. అడగను."

అబ్బా గడ్డం గోక్కున్నారు. "మరి షెడ్డో?"

"షెడ్డు మేం చూసుకుంటాంలే హనీఫూ, నువ్వు పో. ఎండలో నిలబడకు" అన్నారు మొయినుద్దీన్ తాత, మళ్లీ కుర్చీలో వాలుతూ.

పరీక్ష అయ్యేదాకా దూది ఆగింది. వారం నుంచి ఇక్కడే చదువుతున్నాను. కనకం, ఇక్కడ నిజంగా పెన్ను కింద పెడితే వినపడుతోంది! మొదటిరోజు ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం దాదీ చేతికిచ్చాను, వాసన చూసి చెప్పమని కాదు, ఊరికే. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని, "నీ స్నేహితురాలికి పెళ్లెప్పుడయింది? దీనికి గ్రైప్‌వాటర్ వాసనొస్తోంది" అంది. ముద్ర మళ్లీ రేపల్లెదే. బాబాయి పనులన్నీ రేపల్లెలోనే ఉంటాయా? నిజం రాయి. లేకపోతే దాదీ ట్రంకు తాళం పగలగొట్టి నీకు వీడియో కాల్ చేస్తాను.

నీ
ఫిర్దోస్

—

రేపల్లె,
ఏప్రిల్ చివర

ఫిర్దోసూ,

వీడియో కాల్ వద్దు. ఇక్కడి అవతారం నువ్వు చూడకూడదు.

మా నాంచారక్కకి జనవరిలో కవలలు పుట్టారు. వారం రోజులు సాయానికని రేపల్లె వచ్చాను. ఆ వారం ఇంకా అవ్వలేదు. బావ ఓడరేవు పనుల మీద నెలకి ఇరవై రోజులు ఊళ్లో ఉండడు. అక్క అత్తగారు సుగుణమ్మగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లాడు ఏడిస్తే మొదలై, పక్కింట్లో సీరియల్ టైముకి తగ్గుతాయి.

నేను నాలుగింటికి లేస్తున్నానని రాసింది అబద్ధం కాదు. ఎవరు లేపుతున్నారో రాయలేదు, అంతే. ఒకడు నాలుగింటికి లేస్తాడు, రెండోవాడు వాడు పడుకోగానే లేస్తాడు. నీకు నిశ్శబ్దం గురించి రాసిన ఉత్తరం ఎడమకాలితో ఒక ఉయ్యాల, కుడిమోచేత్తో ఒక ఉయ్యాల ఊపుతూ రాశాను. 'నిర్మొహమాటంగా కుదరదనేస్తాను' అని రాసిన మరుక్షణం సుగుణమ్మగారు వేణ్ణీళ్లు కాచమంటే కాచాను. ఆ మరక సంగతి చెప్పను. మంచినీళ్లు కాదు.

మేడ మీద గది ఉంది. బాపట్లలోనే ఉంది. నా పుస్తకాలు కూడా అక్కడే ఉన్నాయి. నీ ఉత్తరాలు అక్కడికొస్తే బాబాయి ఇక్కడికి పంపిస్తున్నారు. పైన 'బాపట్ల' అని రాసినప్పుడల్లా ఆ కాసేపూ అక్కడున్నట్టే అనిపించేది.

డీఎస్సీ సంగతి అక్కకి చెప్పలేదు. చెబితే ఒక్క క్షణం ఉంచదు. నేను వెళ్లిపోతే, పచ్చి ఒంటితో ఇద్దరినీ ఎత్తుకుని అది ఏమవుతుందో నాకు తెలుసు. నువ్వు రాయి. మీ గదిలోకి ఇంకా ఎవరెవరు వచ్చారో రాస్తుంటే పిల్లలకి చదివి వినిపిస్తున్నాను. రాజ్ కుమార్ సంగతి దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఏడుపు ఆపారు.

నీ
కనకం

—

తెనాలి, ఫ్లాటు,
ఏప్రిల్ చివర

కనకం,

రెండో గది ఖాళీగా ఉంది. కిటికీకి గాలి వస్తుంది. హనుమాయమ్మగారిని అడిగితే, "ఒక్కత్తే భయపడుతుందేమో అనుకుంటున్నా, ఇద్దరైతే మరీ మంచిది" అన్నారు. పరీక్షకి ఇంకా నెల పైన టైముంది. నువ్వు నెల చదివితే మిగతావాళ్లు ఆరు నెలలు చదివినట్టు. వచ్చేయ్. రేపల్లె రైలు ఎక్కితే తెనాలి ఎంతసేపు?

అక్కకి చెప్పు. నువ్వు చెప్పలేకపోతే, నాకు నేర్పావే, అద్దం ముందు నిలబడి రెండు వాక్యాలు.

నీ
ఫిర్దోస్

—

రేపల్లె,
మే

చిరంజీవి ఫిర్దోస్‌కి నాంచారమ్మ రాయునది.

అమ్మాయ్, కనకానికి నువ్వు రాసిన ఉత్తరం నేను విప్పాను. తప్పే. పిల్లాడు కాగితం నోట్లో పెట్టుకుంటే లాక్కుని చూశాను, సగం చదివాక ఆపలేకపోయాను. తర్వాత అది దిండు కింద దాచిన పాతవి కూడా చదివాను. అది నీకు రాసిన అబద్ధాలు కూడా వాటిల్లోనే తెలిశాయి.

దాన్ని కూర్చోబెట్టి అడిగాను. "పరీక్షుందని చెప్పకుండా ఇక్కడ నా పిల్లల గుడ్డలుతుకుతావా? నేనేమన్నా కసాయిదాన్నా?" అంటే, "నువ్వు అడగలేదు కదక్కా" అంది. ఇది బి.ఎడ్. ఎలా చదివిందో నాకు తెలీదు.

మా అత్తగారి దగ్గరికెళ్లి పెద్దోణ్ణి ఒళ్లో పెట్టాను. "వీడు మీకు. చిన్నోడు నాకు. సీరియలు వీడు కూడా చూస్తాడు" అన్నాను. ఆవిడ మోకాళ్లు అన్నారు. "మోకాళ్ల మీద వద్దు, భుజాన వేసుకోండి" అన్నాను. ఇప్పుడు వాణ్ణి తీసుకునే పక్కింటికి పోతున్నారు. ఆ ఇంటావిడ కూడా ఎత్తుకుంటోంది. ఈ మాట నాలుగు నెలల కిందటే అనాల్సింది.

రేపు పొద్దున బండికి కనకాన్ని ఎక్కిస్తున్నాను. పుస్తకాలు బాపట్ల నుంచి బాబాయి తెచ్చిస్తాడు. స్టేషనుకి ఎవరినైనా పంపు. అది దిగకుండా వెనక్కి వచ్చేసే రకం.

మీ దాదీగారికి నమస్కారాలు. రాజ్ కుమార్ గురించి ఎప్పుడైనా రాస్తుండు.

నాంచారమ్మ

—

హనుమాయమ్మగారి ఫ్లాటు, తెనాలి,
అక్టోబరు

ఫిర్దోస్ టీచర్‌గారికి,

మే నుంచి ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం కాబట్టి ఉత్తరాలు రాసుకునే అవసరం లేకపోయింది. ఇప్పుడు మళ్లీ వచ్చింది. నీకు ఉద్యోగం వచ్చింది, రాని నేను ఇక్కడే ఉన్నాను, వచ్చే నోటిఫికేషన్ కోసం. నా ఫోను దాదీ ట్రంకులో, ఇదివరకు నీ ఫోను పెట్టిన చీర మడతలోనే ఉంది. ఏడవటం అయిపోయింది, నువ్వు మళ్లీ మొదలుపెట్టకు. ఒకటిన్నర మార్కు తక్కువ. నెలన్నర చదువుకి అది తక్కువేం కాదని మాస్టారు అన్నారు.

నువ్వు రేపల్లె దగ్గర హైస్కూల్లో చేరావని తెలిసి అక్క గంతులేసిందట. ఆదివారాలు వాళ్లింటికి వెళ్తున్నావా? నువ్వు ఏ పనీ ఒప్పుకోకు.

మీ అబ్బా సంగతి రాయాలి. నువ్వు వెళ్లిన మర్నాడు ఆయన దూది మూటలతో షెడ్డు దగ్గరికి వచ్చారు. "చదువైపోయింది కదా. ఇక షెడ్డు నాది" అన్నారు. న్యాయమే. ఎవరూ కాదనలేదు. అదే విచిత్రం. మాస్టారు బల్ల దించడానికి స్టూలెక్కారు. తాత కుర్చీలోంచి లేచి చేతికర్ర వెతుక్కున్నారు. హనుమాయమ్మగారు గడప మీద నుంచి లేచి, కొంగుతో దాన్ని ఒకసారి తుడిచారు. ఒక్కరు కూడా మాట్లాడలేదు. నువ్వు ఉండగా ఒక్క గంటైనా అలా ఉండి ఉంటే ఎంత బాగుండేది!

మీ దాదీ మాత్రం బస్సు కిటికీ దగ్గర కదలకుండా కూర్చుంది.

"అమ్మా, లేమ్మా. మూటలు వెయ్యాలి" అన్నారు మీ అబ్బా.

"వెయ్. నా పక్కన వెయ్. నేనేమన్నా అడ్డమా?"

ఆయన ఒక మూట పెట్టారు. దాదీ దాని మీద చెయ్యి ఆనించుకుంది. రెండో మూట పెట్టారు. తాత మెల్లగా వచ్చి దాని మీద కూర్చుని, "అబ్బ! ఇదే బాగుంది కుర్చీ కంటే" అన్నారు. మూడోది పెట్టేసరికి మాస్టారు స్టూలు దిగి దానికి ఆనుకున్నారు. మీ అబ్బా అందరినీ కాసేపు చూసి, నాలుగో మూట భుజం మీద నుంచి దించి, దాని మీద ఆయనే కూర్చుని, "టీ ఏమన్నా ఉందా?" అని అడిగారు.

ఆ మూటల్లో దూది ఇక ఏ పరుపుకీ పనికిరాదని నా అనుమానం. మిగతా మూటలు కొట్టుకే పంపేశారు.

నేను సాయంత్రం ఒక్క అరగంట అక్కడికి వెళ్తాను. మిగతా సమయమంతా ఇక్కడ. ఈసారి నిజంగానే నిశ్శబ్దం ఫిర్దోసూ. ఒట్టు. తపాలా ముద్ర చూసుకో.

నీ
కనకం

—

రేపల్లె,
నవంబరు

ప్రియమైన కనకం,

టీచర్‌గారు అంటే నాకు ఇంకా వెనక్కి తిరిగి చూడాలనిపిస్తోంది.

మొదటి రోజు ఆరో తరగతికి సోషల్. లోపలికి అడుగు పెట్టానో లేదో, కాకుల గుంపులో రాయి పడ్డట్టే ఉంది. ఒకడు బెంచీ మీద, ఒకడు కింద, ఒకమ్మాయి ఇంకొకమ్మాయి జడ పట్టుకుని. ఇంతకాలం ఎవరూ మాట్లాడని గది కోసం పడ్డ పాట్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నిశ్శబ్దంలో చదివి సంపాదించుకున్న ఉద్యోగం ఇది! "నిశ్శబ్దం!" అన్నాను. ఆగారు. "టీచర్, మీ గొంతు కీచుగా ఉందండి" అన్నాడు ఒకడు. మళ్లీ మొదలు. ఇప్పుడు కాస్త అలవాటైంది. గోల పెరిగినప్పుడు నేను మెల్లగా మాట్లాడతాను. ఏం చెబుతున్నానో అని వాళ్లే ఒకళ్లనొకళ్లు ఆపుకుంటున్నారు.

అక్క ఇంటికి ఆదివారాలు వెళ్తున్నాను. నువ్వు ఒప్పుకోవద్దన్న పనులన్నీ ఒప్పుకున్నాను. పెద్దోడు సుగుణమ్మగారిని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వట్లేదు. ఆవిడకి ఆ గర్వం చూడాలి.

ఈ ఉత్తరం బడి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఎందుకంటే, చేపలు పట్టే పౌలు కూతురు సలోమి ఉంది, ఆరో తరగతి. నిన్న బెల్లు కొట్టాక కదల్లేదు. "ఏంటమ్మా, ఇంటికెళ్లవా?" అంటే, "మాది ఒకే గది టీచర్. తమ్ముళ్లు పుస్తకం లాగేస్తారు. కాసేపు ఇక్కడే ఒక్కదాన్నే చదువుకోనా?" అంది. హెడ్మాస్టరు గారిని అడిగి తాళం నా దగ్గర పెట్టుకున్నాను. ఇవాళ దాన్ని లోపల కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, పిల్లి కూడా లోపలికి పోకుండా ఇక్కడ కాపలా కూర్చున్నాను. ఎవరైనా వస్తే వేలు నోటి మీద పెట్టి పంపేస్తున్నాను. నాకు దొరకడానికి అంత కష్టమైంది దానికి మొదటి రోజే దొరికిందని

ఆగు, తలుపు తీస్తోంది.

"టీచర్, లోపల మరీ సడి లేదండి. భయమేస్తోంది. మీరు కూడా వచ్చి కూర్చోండి. కావాలంటే ఏమన్నా మాట్లాడండి, నేను చదువుకుంటాను."

ఉంటాను కనకం. పిలుస్తోంది.

నీ
ఫిర్దోస్